కొండ కడుపులో నీళ్లు తోడిన మనిషి

టీచరమ్మ ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన కాలనీకి నీళ్లెక్కించే పంపు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మూరెడు పొడుగు కర్ర. ఒక కొస పంపు ఒంటికి ఆనించాడు, రెండో కొస చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆ కొండ కింద కాలనీ బడికి అప్పుడే కొత్తగా వచ్చింది. రెండు రోజులుగా బడి కుళాయిలో నీళ్లు చుక్కచుక్కగా వస్తున్నాయి. ఆ సంగతి అడిగి కడిగేద్దామని వచ్చింది.

"ఏమండీ, పంపుల మనిషంటే మీరేనా?"

ఆయన కళ్లు తెరవకుండానే, ఆగమన్నట్టు వేలు పైకెత్తాడు. ఆమెకి ఒళ్లు మండింది.

"ఏం, దానికి జ్వరమా?" అంది.

"జ్వరమైతే చేత్తో చూస్తాం. ఇది గొంతు నొప్పి," అన్నాడాయన, నవ్వకుండా. "ఈ బేరింగు ఎల్లుండి దాకా ఉంటుంది. ఆ పైన ఉండదు."

ఆయనన్నట్టే మూడో రోజు మధ్యాహ్నం ఆ బేరింగు పోయింది. అప్పటికే ఆయన కొత్తది తెప్పించి గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రానికి బడికి నిండుగా నీళ్లొచ్చాయి. మరుసటి ఏడాది ఆమె ఆయన్ని పెళ్లి చేసుకుంది. ఎందుకు చేసుకున్నావని చెల్లెళ్లు ఆట పట్టిస్తే, "ఇనుముతో అంత శ్రద్ధగా మాట్లాడే మనిషి నాతో మాట్లాడకపోతాడా అనుకున్నానే. అక్కడొక్కచోటే పొరబడ్డాను," అనేది.

ఆ కొండకి ఇటు ఒక మైదానం, అటు ఒక మైదానం. ఇటు నుంచి అటు పోవాలంటే రైలు కొండల వరస మొత్తం చుట్టి రావాలి. పదకొండు గంటలు. కొండలోంచి దారి తొలిస్తే గంటంబావు. పదిహేడు కిలోమీటర్ల సొరంగం. దాన్ని ఇటువైపు నుంచి తొలచడం మొదలుపెట్టారు. నాలుగు వందల మంది పనివాళ్లు, వాళ్లకి కాలనీ, కాలనీకి బడి, బడికి ఈ టీచరమ్మ. సొరంగం నోటి దగ్గర నుంచి లోపలికి కొద్దికొద్దిగా దిగుతూ పోతుంది. అందుకని కొండలో ఊరే నీళ్లన్నీ అట్టడుగుకి, అంటే తవ్వుతున్న చోటికే చేరతాయి. అక్కడొక సంపు, దాని పక్కన మూడు పంపులు. ఎప్పుడూ రెండు నడవాలి, ఒకటి విశ్రాంతి తీసుకోవాలి. నీళ్లు గొట్టంలో పైకెక్కి, సొరంగం నోట్లోంచి బయటికొచ్చి, కొండవాలున పడతాయి. ఆ పంపుల దగ్గర ముగ్గురు ఆపరేటర్లు, మూడు షిఫ్టులు. వాళ్లలో పెద్దవాడు ఆయన.

పెళ్లయిన రెండేళ్లకి, ఒక మామూలు రోజున, భోజనాల వేళ ఫోను వచ్చింది. ప్రభుత్వం మారింది, నిధుల సంగతి మళ్లీ ఆలోచిస్తారట, అందాకా పని ఆపమన్నారు. అప్పటికి తొలిచింది రెండు కిలోమీటర్ల నూట నలభై మీటర్లు. ఆ పూట డ్రిల్లర్లు ఎదురుగా ఉన్న రాతిగోడ మీద తర్వాతి దఫా రంధ్రాలు ఎక్కడెక్కడ వేయాలో ఎర్ర రంగుతో చుక్కలు పెట్టి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్లారు. అరవై నాలుగు చుక్కలు. మళ్లీ రాలేదు. నెల తిరిగేసరికి యంత్రాలు వెళ్లిపోయాయి, వాటి వెనక మనుషులు వెళ్లిపోయారు. పంపులు మాత్రం ఉండిపోయాయి. ఎందుకంటే పంపు ఆపితే సొరంగం మునుగుతుంది, మునిగితే లోపలి రాయి కుళ్లి ఊడిపడుతుంది, పెట్టిందంతా నీళ్లపాలవుతుంది. అలాగని ముందుకి తవ్వడానికి ధైర్యం లేదు. అందుకని ఉత్తరం వచ్చింది: తుది నిర్ణయం వెలువడే వరకు, లేదా ఆరు నెలల వరకు, సొరంగాన్ని పొడిగా ఉంచవలెను.

ఆరు నెలలకి మరో ఉత్తరం వచ్చింది. అవే మాటలు, తేదీ ఒక్కటే వేరు. ఆ తర్వాత ఇంకోటి. ఒక ప్రభుత్వం ఇంకా వేగంగా పోయే రైలు వేద్దామంది, దానికి సొరంగం వెడల్పు చాలదేమో చూడమంది. దాని తర్వాతది అసలు రైలెందుకు, రోడ్డు వేద్దామంది. మూడోది రెండూ వేద్దామని శంకుస్థాపన రాయి కూడా చెక్కించింది. ఆ రాయి లారీ దిగకుండానే అధికారం దిగిపోయింది. కమిటీలు వచ్చేవి. కొత్త హెల్మెట్లు పెట్టుకుని లోపలికి వెళ్లేవి, ఫొటోలు దిగేవి, "బాగా లోతుందే!" అని ఆశ్చర్యపోయేవి, వెళ్లిపోయేవి.

"ఏమంటారండీ వీళ్లు?" అని ఆమె అడిగితే ఆయన ఒకటే మాట చెప్పేవాడు.

"మీనమేషాలు లెక్కపెడుతున్నారు. పెట్టనీ. మనం మీటర్లు లెక్కపెట్టుకుందాం."

ఆమె సొరంగం చివరి దాకా వెళ్లింది పని ఆగిన మరుసటి ఏడాది. అంతకుముందు ఆడవాళ్లని లోపలికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు రానివ్వకపోవడానికి ఎవరూ మిగల్లేదు. "సవతి మొహం నేనూ ఒకసారి చూస్తాను పదండి," అంది. ఆయన ఆమెకి తన పాత బూట్లు, వాటిలో కుక్కుకోవడానికి రెండు జతల మేజోళ్లు ఇచ్చాడు. బయట ఎండ మండిపోతోంది. పదడుగులు వేసేసరికి చల్లదనం చీలమండల్ని పట్టుకుంది. వంద అడుగులకి వెనక వెలుతురు కంచమంత అయింది, తర్వాత రూపాయి బిళ్లంత, ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. దీపాలు ఇరవై గజాలకొకటి. పక్క గోడల మీద డ్రిల్లు వేసిన గాట్లు, వేళ్లతో వెన్న తీసినట్టు, వరసగా, రెండు కిలోమీటర్లు. చెయ్యి పెట్టి తడుముతూ నడిచింది. ఒక చోట రాయి నల్లగా ఉంది, కొంతదూరం పోయాక ఆకుపచ్చగా, ఇంకా పోయాక తెల్లటి చారలు.

"ఇక్కడ మన నెత్తి మీద ఎంత కొండ ఉందండీ?"

"ఎనిమిది వందల మీటర్లు."

ఆమె తెలియకుండానే తల వంచుకుంది. ఆయన నవ్వాడు. పెళ్లయ్యాక అంత బాహాటంగా నవ్వడం అదే మొదలు.

"నువ్వు వంగితే దానికి సుఖమనుకున్నావా?"

చివరికి వచ్చేసరికి రాతిగోడ. దాని మీద ఎర్ర చుక్కలు, తడికి మెరుస్తూ, నిన్ననే పెట్టినట్టున్నాయి. కింద సంపులో నల్లటి నీళ్లు. రెండు పంపులు ఒకే శ్రుతిలో పాడుతున్నాయి. ఆయన కర్ర తీసి ఆమె చేతికిచ్చి, ఎలా ఆనించాలో చూపించి, దీపం ఆర్పేశాడు. ఆ చీకట్లో, కర్రలోంచి, ఆమెకి పంపు వినపడింది. దాని వెనకాల మరేదో. రాతి సందుల్లోంచి నీళ్లు కారే చప్పుడు. ఒక చోట కాదు, వెయ్యి చోట్ల నుంచి. ఆ కొండ మొత్తం లోలోపల నడుస్తున్నట్టుంది.  ఆమె కర్ర దించి, "ఇదంతా మీరొక్కరే ఆపుతున్నారా?" అంది.

"ఆపడమా? నా వల్లెక్కడవుతుంది. అది వస్తూనే ఉంటుంది. నేను దారి చూపిస్తున్నానంతే."

దారి అన్నాడు కానీ, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కొండవాలున పడి, తమ దారి తాము చూసుకున్నాయి. ఏడాదికొక గాడి పడింది. గాడి పక్కన గడ్డి, గడ్డి పక్కన పొదలు. ఆరేడేళ్లకి అది చక్కగా రాళ్ల మీద దూకుతూ, కింది ఊరి మీదుగా పారే ఏరు అయింది. కాలనీ బడి మూతపడి టీచరమ్మని కింది ఊరి బడికి మార్చారు. ఆమె రోజూ ఆ ఏటి గట్టునే దిగి, ఆ గట్టునే ఎక్కి వచ్చేది. సొరంగం నోటి దగ్గర పడ్డ నీళ్లు బడి పక్క వంతెన కిందికి రావడానికి ముప్ఫై అయిదు నిమిషాలు పడుతుంది. ఒకసారి కాగితం పడవ వేసి, దానితోపాటు నడిచి, గడియారం చూసుకుంది. ఊరు ఏటి వైపు పెరిగింది. తోటలు వచ్చాయి. సంగతి తెలిసిన కాలనీ జనం ఉద్యోగాలతోపాటే వెళ్లిపోయారు. ఊళ్లో పాతవాళ్లు కొండలో ఏదో ఊట పగిలిందనుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి అది కొండలో పుట్టిన ఏరు. అంతే.

ఒక ఏడాది బడికి కొత్త మ్యాపులు వచ్చాయి. గోడకి తగిలించబోతూ ఆమె ఆగిపోయింది. కొండ మీంచి ఊరి దాకా సన్నటి నీలం గీత. కింద చిన్న అక్షరాల్లో: ఏడాది పొడుగునా పారు సహజ ప్రవాహం. ఇంటికి వచ్చి ఆయనకి చెప్పింది. ఆయన తింటున్న ముద్ద ఆపాడు.

"మ్యాపులో వేశారా? నీలం రంగుతోనేనా?"

"నీలం రంగుతోనే. తప్పని రాసి పంపిద్దామా?"

"ఇప్పుడెందుకులే," అన్నాడు. మర్నాడు పని దిగాక బడికి వచ్చాడు. అన్నేళ్లలో బడికి రావడం అదొక్కసారే. మ్యాపు ముందు చేతులు వెనక్కి కట్టుకుని పావుగంట నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ ఆ నీలం గీత మీద వేలితో ఒకసారి రాశాడు, దుమ్ము తుడిచినట్టు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ ఊరుకోవడమే తర్వాత మెడకి చుట్టుకుంది.

పని ఆగిన ఇరవై రెండో ఏట మరో కమిటీ వేశారు. ఈసారి గట్టిగా తేల్చేస్తారన్నారు. సొరంగానికి నిధులిచ్చి పూర్తి చేయాలా, శాశ్వతంగా మూసేయాలా? కమిటీకి ఒక నిపుణుడు నివేదిక రాసిచ్చాడు. మంచివాడే, చదువుకున్నవాడే, మ్యాపు చూసి రాశాడు. సొరంగం పూర్తయితే దాని పైనున్న సహజ ప్రవాహం ఇంకిపోయే ప్రమాదముంది, ఆ ఏటి మీద ఊరంతా బతుకుతోంది, కాబట్టి ఏటిని కాపాడాలంటే సొరంగాన్ని వదులుకోవాలి, పంపులు ఆపి నోరు మూసేయాలి అని.

ఆ కాగితం చదివి, పంపుల దగ్గర రెండో షిఫ్టు చూసే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనకీ ఈ దంపతులకీ చుట్టరికమేమీ లేదు. ఇన్నేళ్ల చీకటి ఆ మగవాళ్లిద్దర్నీ బావా బావమరుదుల్ని చేసింది. మూడో ఆపరేటరు ఎప్పుడో రిటైరయ్యాడు, ఆ చోటులోకి ఎవరినీ వేయలేదు.

"చూశావా బావా! మన ఏరు ఎండిపోతుందని మన పంపులు ఆపేస్తారంట!"

ఆయన నవ్వలేదు. కమిటీ విచారణ బడి హాల్లోనే పెట్టారు. ఊరంతా వచ్చింది. అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ, తక్కువ మాట్లాడే మనిషి. ఒక్కొక్కరూ లేచి ఏటిని కాపాడమని చెప్పారు. ఏటి పక్కన కూరగాయల తోట వేసిన ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. టీచరమ్మని వదినా అని పిలిచే మనిషి. అప్పుడు వెనక వరసలోంచి ఆయన లేచాడు.

"అమ్మా, అది ఏరు కాదండి. నేను తోడి పోసే నీళ్లు."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా ఘొల్లుమంది.

"అన్నయ్యా, వానలు కూడా నువ్వే కురిపిస్తున్నావా ఏంటి?" అంది తోటావిడ కళ్లు తుడుచుకుంటూ.

"సూర్యుణ్ణి రోజూ ఎవరు తోస్తున్నారో కనుక్కోండి, బావగారే అయ్యుంటారు!" అన్నారు ఇంకెవరో.

నిపుణుడు మర్యాదగా మ్యాపు తీసి చూపించాడు. "ఇదిగోండి, ప్రభుత్వ ముద్ర కూడా ఉంది."

ఆయన తడబడ్డాడు. ఇనుముతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడి ఎరగడు.  ఆఖరికి, "ఆపి చూపిస్తానండి," అన్నాడు.  పెద్దావిడ కళ్లజోడు తీసి, "ఎంతసేపు?" అంది.

"నలభై నిమిషాలు."

ఇంటికి వచ్చాక టీచరమ్మ మండిపడింది. "ఎందుకొచ్చిన గొడవండీ ఇది? నోరు మూసుకుని ఊరుకోలేకపోయారా?"

"ఊరుకుంటే ఏటి కోసమని సొరంగం మూసేస్తారు. సొరంగం మూస్తే పంపులుండవు. పంపుల్లేకపోతే ఏరెక్కడిదే? రెండూ పోతాయి." కాసేపాగి అన్నాడు. "ఆ రోజు నువ్వు రాసి పంపిద్దామన్నావు. నేనే వద్దన్నాను. నీలం రంగు చూసి మురిసిపోయాను."

ఆమెకి ఇంక కోపం నిలవలేదు. "ఆపితే మళ్లీ తిరుగుతాయా అవి?"

ఆయన కర్రని గుడ్డతో తుడిచాడు. ఇరవై రెండేళ్లలో రెండు పంపులూ ఒక్కసారిగా ఆగింది లేదు. సంపు గోడ మీద ఒక ఎర్ర గీత ఉంది. నీళ్లు ఆ గీత దాటితే మోటార్లు మునుగుతాయి, మునిగితే ఇక అంతే. ఆపిన క్షణం నుంచి ఆ గీత దాకా యాభై నిమిషాలు. నలభైకి మళ్లీ నడిపిస్తే పది నిమిషాలు చేతిలో ఉంటాయి. "పది నిమిషాలు చాలా ఎక్కువ," అన్నాడు. ఆమెకి అది ఓదార్పులా వినపడలేదు.

ఎండలు మండే రోజుల్లో, ఒక పొద్దున పెట్టుకున్నారు. ఆయన, రెండో షిఫ్టు ఆయన, కమిటీ తరఫున టై కట్టుకున్న ఇంజనీరు ఒకడు లోపలికి వెళ్లారు. లోపలికి ఫోను అందదు. టీచరమ్మ ఊరివాళ్లతో, కమిటీతో పాటు వంతెన మీద నిలబడింది. పదింటికి పంపులు ఆపుతారు. పది ముప్ఫై అయిదుకి ఇక్కడ తెలుస్తుంది. పది నలభైకి మళ్లీ నడిపిస్తారు. పదకొండుంబావుకి నీళ్లు తిరిగి వస్తాయి. ఈ అంకెలు ఆమె ఒక కాగితం మీద రాసుకుని గుప్పిట్లో పట్టుకుంది, రాసుకోకపోతే మరచిపోయేదానిలాగా.

పదిన్నర దాకా జనం కబుర్లాడుకున్నారు. పది ముప్ఫై అయిదుకి ఏమీ కాలేదు. తోటావిడ ఆమె వైపు తిరిగి, "ఏం వదినా..." అని ఏదో ఎగతాళి మొదలుపెట్టి ఆపేసింది. చప్పుడు మారింది. ముందు చప్పుడే మారింది. రాళ్ల మీద దూకే నీళ్ల గలగల కాస్త సన్నబడింది, ఎవరో పక్కగదిలోకి వెళ్లి మాట్లాడుతున్నట్టు. తర్వాత అంచుల్లో తడి రాళ్లు కనపడ్డాయి. ఇంతకుముందు ఎవరూ చూడని రాళ్లు, పచ్చటి నాచుతో. ఏరు మధ్యకి ముడుచుకుంది. తాడంత అయింది, దారమంత అయింది. గుంటల్లో చిన్న చిన్న చేపలు వెండి పొట్టలు చూపిస్తూ ఎగిరాయి. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ఎవరూ ఆ నిశ్శబ్దం వినలేదు. పక్షులు కూడా ఆగాయి. ఎవరో పెద్దాయన తల మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నిపుణుడు మ్యాపు మడత పెట్టుకోవడం కూడా మరచిపోయి, నోరు తెరిచి కొండ వైపు చూస్తున్నాడు. పెద్దావిడ మెల్లగా గట్టు దిగి, ఖాళీ ఏట్లోకి నడిచి, వంగి ఒక తడిరాయిని ముట్టుకుంది.

"ఇరవై రెండేళ్లు," అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత టీచరమ్మ వైపు చూసింది. "రోజూనా?"

"రోజూనండి. మూడు షిఫ్టులు."

"ఎవరు చెప్పారమ్మా ఆయనకి ఇంతకాలం చేయమని?"

"ఎవరూ చెప్పలేదండి. ఆరు నెలలే చెయ్యమన్నారు. నలభై నాలుగు సార్లు."



పదకొండుంబావు అయింది. నీళ్లు రాలేదు. పదకొండు ఇరవై. ఎండకి రాళ్ల మీద తడి ఆరిపోతోంది. టీచరమ్మ కొండ వైపు చూడటం మానేసి తన గుప్పిట్లో కాగితం వైపు చూసింది. అంకెలన్నీ చెమటకి అలుక్కుపోయాయి. ఎర్రగీత దాటి ఉంటుంది. మోటార్లు మునిగి ఉంటాయి. ఆయన ఎక్కడున్నట్టు? నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినా ఆ మనిషి బయటికి రాడు, ఆమెకి తెలుసు. తోటావిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అన్నయ్య వస్తాడు వదినా," అంది. నీళ్లొస్తాయని అనలేదు. పదకొండున్నర. పిల్లలు బకెట్లతో గుంటల్లో చేపల్ని ఏరుకుని బడి తొట్టిలో వేస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే.

పదకొండు నలభైకి ముందు చప్పుడే వచ్చింది. పై వంపులో ఎక్కడో కంకరరాళ్లు కదిలినట్టు. తర్వాత ఆకులు, పుల్లలు, నురుగు తోసుకుంటూ బురదరంగు నాలుక ఒకటి వంపు తిరిగింది. ఒక రాయిని చుట్టింది, తర్వాతి రాయిని ఎక్కింది, వంతెన కిందికి వచ్చేసింది. జనం కేరింతలు కొడతారనుకుంది ఆమె.  వాళ్లు నిలబడిన చోటే నిలబడి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూశారు. తోటావిడ కిందికి దిగి దోసిలి పట్టింది. నీళ్లు చేతిలోకి వచ్చాక కూడా తాగకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది.

టీచరమ్మ అప్పటికే కొండ ఎక్కుతోంది.

సొరంగం నోటి దగ్గర ముగ్గురూ రాళ్ల మీద కూర్చున్నారు, నడుం దాకా తడిసి. ఇంజనీరు టై ఎక్కడో పోయింది. చేతులు బొబ్బలెక్కాయి.

"బకెట్లు మోయించారండీ నాతో," అన్నాడు ఆమెని చూసి, ఫిర్యాదూ గర్వమూ కలిసిన గొంతుతో.

జరిగిందేమిటో రెండో షిఫ్టు ఆయన చెప్పాడు. గొట్టంలో ఎక్కిన నీళ్లు వెనక్కి జారకుండా పట్టే వాల్వు ఒకటుంటుంది. పంపులు ఎప్పుడూ ఆగలేదు కాబట్టి ఆ వాల్వుకి ఎప్పుడూ పని పడలేదు. పని పడలేదు కాబట్టి అది తుప్పుపట్టి పోయిందని ఎవరికీ తెలియలేదు. పంపులు ఆపగానే రెండు కిలోమీటర్ల గొట్టంలో ఉన్న నీళ్లన్నీ తిరిగి సంపులోకి దిగాయి. యాభై నిమిషాల్లో రావలసిన ఎర్రగీత ముప్ఫై నిమిషాల్లో వచ్చింది. దిగే నీళ్ల విసురుకి పంపులు వెనక్కి తిరుగుతుంటే వాటిని మళ్లీ నడిపించే వీల్లేక రెండు మోటార్లూ మునిగాయి.

"మరి?"

"మూడోది ఉందిగా చెల్లెమ్మా. బావ దాన్ని ఎప్పుడో ఇటుకల మీదకి ఎక్కించి పెట్టాడు. మీ పాత బడి కూల్చినప్పటి ఇటుకలు. ఎందుకు బావా అంటే ఊరికే అన్నాడు అప్పుడు. దానికి గాలి పట్టి నీళ్లు లాగలేదు. బకెట్లతో నీళ్లు పోసి, పోసి, పోసి..."

ఆమె ఆయన వైపు తిరిగింది. ఏదో అనాలనుకుంది. తిట్టాలనుకుంది. ఆయన కర్రని పైకెత్తి తడి ఉందేమోనని చూసుకుంటున్నాడు.

"చుక్కలు పోయాయే," అన్నాడు. "అడుగు వరసలో పదకొండు."

మునిగిన మోటార్లు బాగుచేయడానికి పదిరోజులు పట్టింది. అన్నాళ్లూ మూడో పంపు ఒక్కటే, ఊపిరి బిగపట్టి, కొండనంతా మోసింది. ఊళ్లోవాళ్లు వంతులు వేసుకుని బకెట్లతో లోపలికి వచ్చారు. వచ్చిన ప్రతివాడూ ఆ రాతిగోడ ముందు కాసేపు నిలబడేవాడు. పదకొండో రోజున ఆయన చిన్న రంగు డబ్బా, కుంచె, పాత రిజిస్టరు ఒకటి తీసుకుని, టీచరమ్మని వెంట పెట్టుకుని లోపలికి వెళ్లాడు. రిజిస్టరు వెనక అట్ట మీద, పని ఆగిన వారంలోనే, అరవై నాలుగు చుక్కలూ నేల నుంచి ఎంత, పక్కగోడ నుంచి ఎంత అని కొలిచి రాసుకున్నాడు. ఆమె దీపం పట్టుకుంది. ఆయన టేపు పెట్టి కొలిచి, పోయిన చుక్కలు ఒక్కొక్కటే పెట్టాడు. ఊపిరి తగిలితే చెరుగుతుందేమో అన్నట్టు మొహం పక్కకి తిప్పుకుని పెట్టాడు.

"ఎప్పటికైనా వస్తారంటారా వాళ్లు?" అంది ఆమె.

"వచ్చేదీ రానిదీ వాళ్లిష్టం. వస్తే మాత్రం అన్నానికెళ్లి వచ్చినట్టుండాలి."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు చాలా ఏళ్లు. చెప్తే చిన్నదైపోతుందనిపించింది.

కమిటీ నివేదిక ఏడాదికి వచ్చింది. మూడు వందల పేజీలు. ఏటికి సొరంగమే ఆధారమని, సొరంగం పూర్తి చేస్తే నీళ్లు ఎటు మళ్లించాలో తేలలేదని, మూసేస్తే ఊరు ఎండుతుందని, కాబట్టి తుది నిర్ణయానికి ముందు మరొక అధ్యయనం అవసరమని రాశారు. చివరి పేజీలో, పెద్దావిడ సంతకానికి పైన, ఒక్క వాక్యం మాత్రం కొత్తది: అందాకా ఏ కారణం చేతనూ పంపులు ఆపరాదు. ఆరు నెలలన్న మాట తీసేశారు.

"తేల్చరు, ముంచరు," అని ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. అయినా ఆ కాగితాన్ని మిగతా నలభై నాలుగింటితో కలపలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది చిరిగేదాకా అక్కడే ఉంది.

రిటైరయ్యాక కూడా రోజూ సొరంగం నోటిదాకా వెళ్లి వచ్చేవాడు. ఆ తర్వాత నడవలేక ఇంటి అరుగు మీద కూర్చుని ఏటి చప్పుడు వినేవాడు. "మూడోది నడుస్తోంది ఇవాళ," అనేవాడు. నిజమో కాదో అడిగే ఓపిక ఆమెకీ ఉండేది కాదు. ఒక పగటిపూట, ఆమె పక్కగదిలో బట్టలు మడత పెడుతుండగా, ఆయన పోయాడు. మనుషులు వచ్చారు, వెళ్లారు. రెండో షిఫ్టు ఆయన మాత్రం ఆ పూట ఆలస్యంగా వచ్చాడు. షిఫ్టు దిగడానికి లేదు మరి.

తొమ్మిదో రోజున ఆమె ఆయన కర్ర తీసుకుని కొండ ఎక్కింది. సొరంగం నోటి దగ్గర గొట్టం బయటికొచ్చే చోట రాయి మీద కూర్చుంది. కర్ర ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంది. రెండు కిలోమీటర్ల లోపలి నుంచి, ఎనిమిది వందల మీటర్ల రాయి కింద నుంచి, పంపు చప్పుడు వచ్చింది. దాని వెనకాల కొండ నడుస్తున్న చప్పుడు. ఆ రెంటికీ మధ్య ఇంకేదో, సన్నగా, తెరలు తెరలుగా, అదిరినట్టు.  రెండో షిఫ్టు ఆయన బయటికి వచ్చేదాకా కూర్చుంది.

"అన్నయ్యా, బేరింగు అదురుతోంది. ఒకసారి వినండి."

ఆయన కర్ర తీసుకుని చాలాసేపు విన్నాడు. గొట్టం మీద ఒక చోట పెట్టి విన్నాడు, ఇంకో చోట పెట్టి విన్నాడు. తర్వాత కర్రని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"దానికేం గొంతు నొప్పి లేదు చెల్లెమ్మా. బాగానే ఉంది. మీ చెయ్యి వణుకుతోంది."

వాళ్లిద్దరి కాళ్ల పక్కనుంచి నీళ్లు, ముప్ఫై అయిదు నిమిషాల్లో వంతెన చేరడానికి, కిందికి దూకాయి.